మూయని లాకు

రెజ్ బ్లోర్ పడవలో టీవీ ఆగిందంటే ఆ రోజు కాలవ మొత్తం మీద ఎవరి పడవలోనూ టీవీ ఆడనట్టేనని అనుకునేవాళ్ళు. అంత పేరు అతనికి. స్టోక్‌లో పింగాణీ కార్ఖానా బట్టీల దగ్గర ముప్పై నాలుగేళ్ళు కరెంటు పని చేసి, అరవయ్యో ఏట మానేసి, ఇల్లు అమ్మి, భార్య ఎనిడ్‌తో సహా పడవలోకి మారిపోయాడు. పడవ పేరు లాప్‌వింగ్. పొడవు యాభై ఏడు అడుగులు, వెడల్పు ఏడడుగులకు రెండంగుళాలు తక్కువ. అందులోనే మంచం, పొయ్యి, బొగ్గుల కుంపటి, రెండు కుర్చీలు, కిటికీ పక్కన పదిహేనంగుళాల టీవీ. వంటింట్లోంచి ఒకరు ఇవతలికి రావాలంటే రెండోవాళ్ళు గోడకి కరుచుకుని నిలబడాలి.

వెనక మెట్టు కింద నాలుగు బ్యాటరీలు వరసగా పేర్చి, వాటికి ఇన్వర్టర్ తగిలించుకున్నాడు. ఏ దీపం గంటకు ఎంత లాగుతుంది, నీళ్ళ పంపు ఎంత లాగుతుంది, ఫ్రిజ్ ఎంత, టీవీ ఎంత అన్నది ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నాడు. సాయంత్రం బొమ్మ చిక్కిపోయి, కుంచించుకుపోయి, టుప్పున ఆరిపోయినవాళ్ళు గట్టు మీద నడిచి వచ్చి లాప్‌వింగ్ కప్పు తట్టేవాళ్ళు. రెజ్ మీటరు పట్టుకుని వెళ్ళేవాడు. "నీ బ్యాటరీ చావలేదయ్యా. నువ్వే దానికి తిండి పెట్టడం లేదు. పొద్దునపూట రెండు గంటలు ఇంజను తిప్పి చూడు" అనేవాడు. దానికి ఏమీ పుచ్చుకునేవాడు కాదు. టీ ఇస్తే తాగేవాడు, వేయించిన పంది మాంసం పెట్టిన రొట్టె ఇస్తే కాదనేవాడు కాదు.

ఇంకో నోటుపుస్తకం ఉండేది. అది దారులది. ఎక్కణ్ణుంచి ఎక్కడికి ఎన్ని మైళ్ళు, నీళ్ళు నింపి పడవని ఎక్కించే దించే లాకులు ఎన్ని, మంచినీళ్ళ కుళాయి ఎక్కడుంది, పడవ తిప్పుకునే జాగా ఎక్కడుంది, టీవీ బొమ్మ ఎక్కడ బాగా వస్తుంది, అన్నీ అందులో ఉండేవి. అతని లెక్క కాలవ మీద అందరికీ నోటికొచ్చు. మైళ్ళూ లాకులూ కలుపు, మూడుతో భాగించు, అన్ని గంటలు పడుతుంది. ఏ లాకు తలుపు పాడైంది, దేన్ని మరమ్మతుకు మూశారు అన్నది కూడా అతన్నే అడిగేవాళ్ళు. కాలవ కచేరీకి ఫోను చేసి కనుక్కునే ఓపిక అతనికుంది, మిగతావాళ్ళకి లేదు. రెజ్ మూశారన్నాడంటే మూసినట్టే.

ఎనిడ్‌కి ఆలివ్ అని ఒక అక్క. ఏడేళ్ళు పెద్ద. తల్లి పోయినప్పుడు ఎనిడ్‌కి తొమ్మిదేళ్ళు. అప్పట్నుంచి జడ వేసిందీ, బడికి పంపిందీ, రెజ్‌ని మొదటిసారి ఇంట్లోకి రానిచ్చి టీ పోసిందీ ఆలివే. కాల్డన్ కాలవ చివర, ఫ్రాగ్‌హాల్‌లో ఒక చిన్న ఇంట్లో ఒంటరిగా ఉండేది. లాప్‌వింగ్ కిటికీలకున్న తెరలు ఆమె కుట్టినవే. ఏటా జూన్‌లో రెజ్, ఎనిడ్ పడవ వేసుకుని అక్కడిదాకా వెళ్ళేవాళ్ళు. ఆలివ్ పడవెక్కి పక్క తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. లోయలో రెండు మూడు రోజులు తిప్పి మళ్ళీ ఇంటి దగ్గర దింపేవాళ్ళు. ఆమెకు ఏడాదికి అదొక్కటే షికారు.

ఆ ఏడు ఫిబ్రవరిలో ఆలివ్ ఫోను చేసింది. కంటి వెనక పొర చెడుతోందన్నారట. ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కన్ను ఎన్నాళ్ళుంటుందో డాక్టరు చెప్పలేకపోయాడు. ఆమె ఏడవలేదు, గొంతు కూడా వణకలేదని ఎనిడ్ తరవాత చెప్పింది. ఒక్కటే అడిగిందట. ఈసారి జూన్‌లో కాకుండా ఏప్రిల్ ఆఖర్న రమ్మంది. లోయ నిండా నీలిగంట పూలు పూస్తాయి అప్పుడు. ఆ లోయలోకి బండి దారి లేదు. తుంటి అరిగిపోయిన మనిషి నడిచి వెళ్ళలేదు. పడవలోంచి చూడాలి, అంతే. చిన్నప్పుడు ఎనిడ్‌ని చంకనేసుకుని ఆ పూలు కోయడానికి వెళ్ళేదట.

"పూలు రాలేలోపు రండి, చాలు" అందట.

ఎనిడ్ ఆ మాట చెబుతుంటేనే రెజ్ నోటుపుస్తకం తీశాడు. స్టోన్ దిగువన చలికాలానికి కట్టుకున్న చోటి నుంచి ఇరవై ఏడు మైళ్ళు, ముప్పై ఒక్క లాకులు. కలిపితే యాభై ఎనిమిది. పందొమ్మిది గంటల చిల్లర. రోజుకు అయిదు గంటలు నడిపినా నాలుగు రోజులు. ఏప్రిల్ ఇరవైన బయల్దేరితే ఇరవై నాలుగుకి అక్కడుంటాం అని పెన్సిల్‌తో రాసి, కింద గీత గీశాడు. ఎనిడ్ అతని భుజం మీద చెయ్యి వేసి చూసింది.

అప్పుడతనికి వేరే ఆలోచన లేదు. ఆ మాట అతని తరఫున చెప్పి తీరాలి.

ఆ ఆలోచన మార్చి నెల్లో వచ్చింది. బల్ల మీద రంగు బంతుల్ని కర్రతో కొట్టి గుంటల్లో వేసే స్నూకర్ ఆటంటే రెజ్‌కి ప్రాణం. ఏటా వసంతంలో పెద్ద పోటీలు జరుగుతాయి. పదిహేడు రోజులు, పొద్దస్తమానం టీవీలో చూపిస్తారు. పడవలోకి వచ్చాక ఆరేళ్ళలో ఒక్క రోజు కూడా పోనివ్వలేదు. అసలు ఆ నాలుగు బ్యాటరీల ఏర్పాటు చేసుకున్నదే ఆ పదిహేడు రోజుల కోసం. పత్రికలో పోటీల తేదీలు చూసి నోటుపుస్తకంలో రాసుకోబోతే, ఏప్రిల్ ఇరవై నాలుగు నాటి గీత కనబడింది. చెడిల్టన్ దాటి లోయలోకి దిగితే టీవీలో ఏమీ రాదు. రెండు పక్కలా కొండ, పైన చెట్లు. ఆ చోటికి ఎదురుగా అతనే ఎప్పుడో రాసుకున్నాడు, 'బొమ్మ శూన్యం, యాంటెన్నా కర్ర ఎంత ఎత్తినా' అని.

ఎనిడ్‌తో చెబితే సరిపోయేది. ఫైనల్ అయ్యాక వెళ్దాం, పది పన్నెండు రోజులేగా తేడా, మే నెల మధ్యదాకా పూలుంటాయి అంటే ఆమె ఒప్పుకునేదో, కసురుకునేదో. కానీ ఆటకీ అక్క కంటికీ మధ్య పోటీ పెట్టినట్టు ఆ మాట నోటితో అనాలి. అనలేకపోయాడు. ఇరవయ్యో తేదీన మాట ప్రకారం బయల్దేరాడు. స్టోక్ లాకులు ఎక్కాడు, కాల్డన్ కాలవలోకి తిప్పాడు, మిల్టన్ దాటాడు. స్టాక్‌టన్ బ్రూక్ లాకులు ఇంకో మైలుందనగా ఒక ఎత్తయిన చోట పొలాల పక్కన కట్టేశాడు. బొమ్మ అద్దంలా వచ్చే చోటు అది. మంచినీళ్ళ డబ్బా తీసుకుని కుళాయికి వెళ్ళి, తిరిగొచ్చి, డబ్బా కింద పెడుతూ చెప్పాడు.

"పైన మూడో లాకు తలుపు విరిగిందట. రెండు వారాలు మూసేశారట."

"అయ్యో, ఎవరు చెప్పారు?" అంది ఎనిడ్.

"కచేరీకి ఫోన్ చేశా."

అంతే. రెండు మాటలు. తడుముకోలేదు, చెమట పట్టలేదు. నీళ్ళ డబ్బా మూత తిప్పి ఇంకా నిండిందా లేదా అని కూడా చూసుకున్నాడు. తరవాత రోజుల్లో అతన్ని అన్నిటికన్నా ఎక్కువ కాల్చింది అదే. అంత తేలిగ్గా ఎలా వచ్చింది ఆ అబద్ధం అని.

ఎనిడ్ అక్కకి ఫోను చేసింది. లాకు విరిగిందంటే ఏం చేస్తాం, మనుషులు బాగుచేయాలిగా అందట ఆలివ్. పోనీ బస్సులో ఒకసారి వచ్చి వెళ్తానంటే వద్దంది. వంటింట్లో కూర్చుని మొహాలు చూసుకోవడానికి అయితే ఎప్పుడైనా రావచ్చు, వచ్చేదేదో పడవతోనే రండి అంది.

ఇక రోజులు మొదలయ్యాయి. పొద్దున రెండు గంటలు ఇంజను తిప్పి బ్యాటరీలు నింపేవాడు. మధ్యాహ్నం ఒక ఆట, సాయంత్రం ఒక ఆట. రెండూ చూడాలంటే కరెంటు చాలదు. ఫ్రిజ్ ఆపేయమన్నాడు. పాలు విరిగిపోయాయి. దీపం ఆపి కొవ్వొత్తి వెలిగించుకోమన్నాడు. నీళ్ళ పంపు వాడకుండా చెంబుతో ముంచుకోమన్నాడు. ఎనిడ్ ఏటా ఆ పదిహేడు రోజులు ఎలాగూ ఇలాగే గడుస్తాయి కాబట్టి ఏమీ అనకుండా కొవ్వొత్తి వెలుగులో ఊలు అల్లుకుంటూ కూర్చునేది. ఆ అల్లేది అక్క కోసం, మోకాళ్ళ మీద కప్పుకునే దుప్పటి. ఏ ఊలు ఏ రంగో కొవ్వొత్తి వెలుగులో తెలియక ఆమె కిటికీ దగ్గరకు జరిగి చూసుకుంటుంటే, రెజ్ టీవీలో ఎర్ర బంతి తరవాత నల్ల బంతి ఎలా పడుతుందో చూస్తున్నాడు.

పైనుంచి ఒకటి రెండు పడవలు దిగి వచ్చాయి. అవి లాకుకి ఇవతల కట్టుకున్నవని చెప్పాడు. నాలుగో రోజున ఒక ముసలి దంపతుల పడవ కిందనుంచి వచ్చింది. చెడిల్టన్‌లో మనవరాలి పుట్టినరోజట. గట్టు మీద బట్టలు ఆరేస్తున్న ఎనిడ్ వాళ్ళని ఆపి, పైన మూసేశారు, మా ఆయన కనుక్కున్నాడు అంది. ముసలాయన చుక్కాని పట్టుకునే, ఆ మా ఆయన ఎవరని అడిగాడు. రెజ్ బ్లోర్ అని ఎనిడ్ చెప్పింది.

"రెజ్ చెప్పాడా? అయితే ఇంకేముంది, తిప్పేద్దాం" అన్నాడాయన భార్యతో.

రెజ్ కిటికీలోంచి అంతా వింటూనే ఉన్నాడు. లేచి బయటికి వెళ్ళి, అబ్బే, ఇవాళ తెరిచారట, పొండి అనడానికి నాలుగడుగులు చాలు. ఆ ముసలాయన పొడుగు కర్రతో గట్టుని తోస్తూ, నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించి ఆ ఇరుకు మలుపులో పడవ తిప్పుకోడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా రెజ్ టీవీ ముందు నుంచి కదల్లేదు. కానీ అక్కడ ఎవరు ఏ బంతి కొట్టారంటే చెప్పలేడు. వెళ్తూ వెళ్తూ ఆ ముసలావిడ కిటికీ వైపు చూసి, ముందే చెప్పినందుకు చెయ్యెత్తి ఊపింది. అతనూ ఎత్తాడు.

బొగ్గుల పడవ తొమ్మిదో రోజున వచ్చింది. టెస్సా అనే ఆవిడ బొగ్గు, డీజిలు, గ్యాసు బండలు వేసుకుని కాలవ పొడుగునా తిరిగి అమ్మేది. ఆమె కాలవకి పత్రిక లాంటిది. ఎవరికి జబ్బు చేసింది, ఎవరి పడవ అమ్మకానికుంది, అన్నీ ఆమె దగ్గర తాజాగా ఉంటాయి. ఆమె పైనుంచి వస్తోంది. ఎనిడ్ రెండు బస్తాల బొగ్గు కావాలని ఆపింది.

"ఎక్కడ ఇరుక్కుపోయావు ఇన్నాళ్ళూ, లాకు పైనేనా?" అని ఎనిడ్ అడిగింది.

"ఏ లాకు?"

"మూడోది. తలుపు విరిగిందిగా."

టెస్సా బస్తా భుజాన పెట్టుకుని నవ్వింది. "ఎవరో నీతో పరాచికాలాడారు. నేను నిన్న పొద్దున ఫ్రాగ్‌హాల్‌లో ఉన్నా. ఇవాళ ఈ అయిదు లాకులూ దిగి వచ్చా. తలుపులన్నీ బానే ఉన్నాయి. పైకి వెళ్ళి రెండు వారాలైంది, లాకు మూశారన్న మాటే వినలేదు."

రెజ్ పక్క తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. బొగ్గు అందుకోడానికి లేచి వచ్చాడు. టెస్సాకి అతను కనబడలేదు, ఎనిడ్‌కి కనబడ్డాడు. ఎనిడ్ అతని మొహం చూసింది. ముప్పై ఎనిమిదేళ్ళు కాపరం చేసిన మనిషి. ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు. రెజ్‌కి ఆ క్షణాన ఆమె తనని తిట్టాలనిపించింది. టెస్సా ముందే, గట్టు మీద, నలుగురూ వినేలా తిట్టాలని.

ఎనిడ్ టెస్సా వైపు తిరిగింది. "మా ఆయనకి కచేరీవాళ్ళు వేరే లాకు గురించి చెప్పుంటారు. ఈయన సరిగా విన్లేదేమో. చెవులు కూడా పాతబడ్డాయిగా" అంది. మామూలు గొంతుతోనే అంది. డబ్బిచ్చి, బస్తాలు కప్పు మీద పెట్టించుకుని, టెస్సా పడవ వంపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.

తన తప్పుని తన భార్య ఇంకో చిన్న అబద్ధంతో కప్పింది. అబద్ధమాడని మనిషి చేత అబద్ధమాడించాడు. రెజ్ కుర్చీలో కూలబడ్డాడు. టీవీ ఆడుతూనే ఉంది. ఆపడానికి చెయ్యి వెళ్ళలేదు. ఆపితే ఒప్పుకున్నట్టు, ఆపకపోతే సిగ్గులేనట్టు.

ఎనిడ్ లోపలికి వచ్చింది. చేతులు కడుక్కుంది. టీవీ వంక ఒకసారి చూసింది, దాన్ని ముట్టుకోలేదు.

"ఇందుకేనా?" అంది.

"ఊఁ."

"రేపు పొద్దున ఆరింటికి బయల్దేరాలి" అని, ఊలు సంచి తీసుకుని పడవ ముందువైపుకి వెళ్ళి కూర్చుంది. టీవీ ఎప్పుడు ఆపాడో రెజ్‌కే గుర్తులేదు.

మిగతా దారి రెండు రోజులు. అయిదు లాకులు ఎక్కి, అవతలి పక్క మళ్ళీ దిగాలి. మూడో లాకు దగ్గరికి వచ్చినప్పుడు రెజ్ చుక్కాని పట్టుకుని నిలబడి తలుపుల వంక చూడలేకపోయాడు. ఎనిడ్ ఎప్పట్లాగే నీటి తూములు తిప్పే ఇనుప పిడి పట్టుకుని గట్టెక్కి, నీళ్ళు వదిలి, నడుమానించి తలుపు తోసింది. తలుపు మెత్తగా తెరుచుకుంది. ఆమె అతని వైపు చూస్తుందేమోనని భయపడ్డాడు. చూడలేదు. అదింకా కష్టమైంది.

లోయలో పూలు విరగబూసి ఉన్నాయి. చెట్ల మొదళ్ళ కింద, రాళ్ళ సందుల్లో, నీటి అంచుదాకా నీలం. చెడిల్టన్ దాటినప్పట్నుంచి అదే. ఆ నీలం చూసి రెజ్‌కి కొంచెం ఊపిరి వచ్చింది. పూలున్నాయి కదా, ఆలస్యమైతే అయింది గానీ మించిపోలేదు అనుకున్నాడు. అక్క ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిన పని కూడా ఉండకపోవచ్చనుకున్నాడు.

ఫ్రాగ్‌హాల్ దగ్గర పడవ కట్టి, ఇద్దరూ ఆలివ్ ఇంటికి నడిచారు. ఆమె వంటింట్లో కూర్చుని ఉంది. తలుపు చప్పుడికి తల తిప్పింది గానీ, తిప్పిన చోట వాళ్ళు లేరు. అంగుళం పక్కకి చూస్తోంది.

మూడు రోజుల కిందట పొద్దున్నే లేచేసరికి కుడి కంట్లో రక్తం దిగిందట. ఆస్పత్రికి పక్కింటివాళ్ళు తీసుకెళ్ళారు. చేసేదేమీ లేదన్నారు. అంచుల్లో వెలుతురూ చీకటీ తెలుస్తోంది, అంతే. ఎనిడ్ రెండు చేతులూ పట్టుకుని, ఫోన్ చేసి చెప్పలేదేం అని అడిగింది.

"చెప్తే ఏం చేస్తావే? లాకు మూసుంది. అక్కడ కూర్చుని ఏడుస్తావు" అంది ఆలివ్. "బాగుచేశారా మరి? రెండు వారాలన్నారుగా, తొందరగానే చేశారు పాపం."

ఎనిడ్ ఆమె చేతులు వదిలి టీకి నీళ్ళు పెట్టింది. రెజ్ చూపులు గచ్చు మీద పడ్డాయి. మూడు రోజులు. ఇరవై నాలుగుకి వచ్చి ఉంటే ఆమెకు కన్నుండేది. నాలుగు రోజుల పాటు ఈ లోయంతా ఆమెకు కనిపించి ఉండేది. లెక్కల మనిషి కాబట్టి ఆ లెక్క దానంతటదే అతని తల్లో పడింది.

అయినా షికారు మానుకోనంది ఆలివ్. కర్ర పట్టుకుని, ఎనిడ్ భుజం ఆనుకుని పడవ దాకా నడిచింది. ఈసారి పక్క తలుపు దగ్గర కాకుండా వెనకాల, చుక్కాని పక్కనే కుర్చీ వేయించుకుంది. కొత్త దుప్పటి మోకాళ్ళ మీద పరిచారు. అడవి వెల్లుల్లి వాసన దట్టంగా వస్తోంది. కోకిల ఒకటి ఎక్కడో కూస్తోంది. ఆలివ్ ముక్కు ఎగరేసి వాసన పీల్చింది.

మొదటి లాకు దగ్గర ఎనిడ్ గట్టెక్కి ముందుకు నడిచిపోయింది. వెనకాల ఇద్దరే మిగిలారు.

"మా ఎనిడ్ చెప్తే సగం ఏడుపే ఉంటుంది" అంది ఆలివ్. "నువ్వు చెప్పు రెజ్. ఎలా ఉన్నాయి?"

రెజ్ చూశాడు. "బాగా పూశాయి" అన్నాడు.

"అదా చెప్పడం?"

"ఆ కుడిపక్క, రైలు కట్ట కిందంతా ఉన్నాయి. రాళ్ళ మీద నుంచి కిందకి జారినట్టున్నాయి. ఎండ పడ్డచోట ఊదాగా ఉంది, నీడలో నీలంగా ఉంది. ఒక్కచోట తెల్లవి రెండున్నాయి." జీవితంలో ఎవరికీ పూల గురించి చెప్పి ఎరగడు. చెబుతున్న ప్రతి పువ్వూ ఆమె దగ్గర తను దొంగిలించినదే. ఆలివ్ మొహం ఆ వైపుకే పెట్టుకుని, పెదవులు కొంచెం కదుపుతూ వింటోంది.

"ఆ లాకు పాడుగాను, ఈ ఏడే విరగాలా" అంది నెమ్మదిగా.

రెజ్ ఇంజను చప్పుడు తగ్గించాడు. "ఆలివ్, లాకు విరగలేదు" అన్నాడు.

ఆమె తల తిప్పింది.

"నేను అబద్ధం చెప్పాను. టీవీలో స్నూకర్ వస్తోంది. ఈ లోయలో రాదు. అందుకని తొమ్మిది రోజులు కింద కట్టేశా. ఎనిడ్‌కి మొన్నటిదాకా తెలీదు."

నీళ్ళు లాకులోకి చప్పుడు చేస్తూ దిగుతున్నాయి. ఎనిడ్ అవతల తలుపు దగ్గర నిలబడి ఉంది, ఆమెకు మాటలు వినబడవు. ఆలివ్ దుప్పటి అంచుని వేళ్ళతో తడుముతూ కూర్చుంది. రెజ్ చుక్కాని పిడిని గట్టిగా పట్టుకున్నాడు. అతనికి క్షమించమని అడగడానికి కూడా ముఖం చెల్లలేదు.

"ఎందుకు చెప్పావు నాకు?" అంది చివరికి. "విరిగిందనుకున్నప్పుడు దేవుణ్ణి తిట్టుకున్నాను. ఆయనకేం, అలవాటే. ఇప్పుడు నిన్ను తిట్టుకోవాలి. నువ్వు మా ఎనిడ్ మొగుడివి. ఏటా వస్తావు. నా కుర్చీ వేస్తావు."

పడవ లాకు గోడకి రాసుకోబోతుంటే రెజ్ చేత్తో తోశాడు.

"తప్పు నీది. బరువు దింపుకున్నది నా నెత్తిన" అంది ఆలివ్. ఆ తరవాత, "పోనీయ్ ముందుకి. తలుపు తెరిచింది, వినబడుతోంది" అంది.

ఆ సాయంత్రం ఆమె ఇంటి దగ్గర దింపాక, రెజ్ టీవీ తీగలు ఊడదీయడం మొదలుపెట్టాడు. ఎవరికైనా ఇచ్చేద్దామనో, నీళ్ళలో పడేద్దామనో. ఎనిడ్ చూసి ఆపింది. అప్పటిదాకా దాచుకున్న కోపమంతా అప్పుడు వచ్చింది.

"దాన్నెందుకు పీకుతున్నావు? అది చెప్పిందా అబద్ధం? అది తీసేసి, చూశావా నేనెంత త్యాగం చేశానో అని నా ముందు తిరుగుతావా? తగిలించు. ఉన్నచోటే ఉండనీ. నువ్వు చేసింది నువ్వు మోయి, నాకు చూపించకు."

తిరిగి తగిలించాడు. ఫైనల్ ఆడిన రోజున వాళ్ళింకా లోయలోనే ఉన్నారు. ఎవరు గెలిచారో తరవాత ఎన్ని పడవలవాళ్ళు చెప్పుకున్నా అతను నిలబడి వినలేదు.

టెస్సా తెలివైనది. రెజ్ సరిగా వినలేదన్న మాట ఆమె నమ్మిందో లేదో గానీ, ఆ ఎండాకాలంలో కాలవ మీద మాట కొద్దిగా మారింది. మనుషులు టీవీ కోసం కప్పు తడుతూనే ఉన్నారు. లాకుల సంగతి మాత్రం అడిగి, మళ్ళీ ఫోను చేసి కనుక్కునేవాళ్ళు. ఆగస్టులో స్టోన్ దగ్గర ఆ ముసలి దంపతులు ఎదురయ్యారు. మీరు చెప్పబట్టి దారిలో పడిగాపులు పడకుండా తప్పించుకున్నామని ముసలాయన మెచ్చుకోబోయాడు. రెజ్ నిలబడి, లాకు మూయలేదని, కావాలనే చెప్పానని అన్నాడు. ఆయన ఇదేదో వేళాకోళం అనుకుని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. మనవరాలు కేకు కోయకుండా సాయంత్రం దాకా మా కోసం చూసిందండీ అని మాత్రం అని, లోపలికి వెళ్ళిపోయింది.

ఎవరైనా దారి అడిగితే ఆ తరవాత రెజ్, ఎనిడ్‌ని అడగండి అనేవాడు. దారుల పుస్తకం ఆమె చేతికిచ్చేశాడు. ఆమె తేదీలు రాసేది, అతను కూడికలూ భాగహారాలూ చేసిపెట్టేవాడు.

ఆలివ్ ఇంకో నాలుగేళ్ళు బతికింది. ప్రతి ఏప్రిల్ ఆఖర్నా లాప్‌వింగ్ ఆమె దగ్గరికి వెళ్ళింది. ఎనిడ్ పడవ నడపడం నేర్చుకుంది. మొదట్లో గట్లకి గుద్దింది, తరవాత రెజ్ కన్నా నయమనిపించుకుంది. ఆమె చుక్కాని పట్టుకుంటే అక్క పక్కనే కూర్చుని, చెల్లెలు చెప్పేవన్నీ వినేది. లాకులు రెజ్ చూసుకునేవాడు. మోకాళ్ళు అరిగిన మనిషి ఇనుప పిడి పట్టుకుని గట్టు మీద ముందు నడిచేవాడు, తలుపు తోయడానికి నడుమానించి ఆయాసపడేవాడు. పడవ లాకులోంచి బయటపడి సాగిపోతుంటే వెనకాల తలుపు మూసి, మళ్ళీ దాన్ని అందుకోడానికి పరుగులాంటి నడక నడిచేవాడు.

ఆలివ్ అతనితో మాట్లాడటం మానలేదు. టీ అడిగేది, వాతావరణం అడిగేది, కుర్చీ జరపమనేది. పూలు ఎలా ఉన్నాయని మాత్రం మళ్ళీ ఎప్పుడూ అతన్ని అడగలేదు.